పాత టాటా 207 ముందు భాగంలో ఏవి మార్చాలి, ఏవి ఉంచాలి?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. నా దగ్గర 2009 మోడల్ టాటా 207 డీఐ పికప్ ఉంది. పవర్ స్టీరింగ్ లేని బండి. టమాటా బాక్సులు మార్కెట్ యార్డుకు వేస్తుంటాను, పంట లేని రోజుల్లో ఎరువుల బస్తాలు, ఇటుకలు తోలుతాను. ఏడాదిగా స్టీరింగ్‌లో లూజు పెరిగింది. నాలుగు వేళ్ల వెడల్పు తిప్పితే గాని చక్రం కదలడం లేదు. 50 దాటాక ఏదైనా గుంట తగిలితే ముందు భాగమంతా వణుకుతుంది. ఎడమ టైరు లోపలి అంచు ఎనిమిది నెలల్లోనే అరిగిపోయింది. గతుకుల్లో టకటకమని చప్పుడు కూడా వస్తోంది. షెడ్డులో చూపిస్తే కింగ్ పిన్‌లు, టై రాడ్ ఎండ్‌లు, డ్రాగ్ లింక్, హబ్ బేరింగులు, కమాన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, స్టీరింగ్ బాక్స్ అన్నీ మార్చాలని, 32,000 రూపాయలు అవుతుందని చెప్పారు. తోటి డ్రైవరు కింగ్ పిన్‌లు వేయిస్తే చాలంటున్నాడు. మా తమ్ముడు బండినే అమ్మేయమంటున్నాడు. వచ్చే నెల ఫిట్‌నెస్ ఉంది. ఏవి మార్చాలో చెప్పగలరు.

సమాధానం: మీకు సలహా చెప్పిన ముగ్గురిలో ఎవరినీ తప్పుపట్టలేను గాని, మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ముగ్గురూ బండిని జాకీ మీదికి ఎత్తకుండానే చెప్పినట్టున్నారు. షెడ్డువారు ఇచ్చిన జాబితాలో, ఊడితే చక్రాన్నే తీసుకుపోయే భాగాలూ ఉన్నాయి, ఇంకో రెండేళ్లు అలాగే ఉన్నా ఏమీ కాని భాగాలూ ఉన్నాయి. వాటన్నింటికీ ఒకే బిల్లు వేసినప్పుడు డబ్బు చాలక చివరికి తేలికగా అయిపోయే పనులు చేయించి, అసలు పనిని వచ్చే సంవత్సరానికి వాయిదా వేయడం నేను చాలాసార్లు చూశాను. అందువల్ల ముందుగా లూజు ఏ కీలులో ఉందో మీరే మీ పెరట్లో చూసుకోండి. దానికి ఒక జాకీ, ఒక గడ్డపార, తోడుగా మీ తమ్ముడు ఉంటే చాలు.

మీ బండి ముందు భాగం కార్లలో ఉన్నట్టు ఉండదు. 207 డీఐకి ముందు పక్క ఒకే ముక్కగా పోత పోసినట్టు కనిపించే, నిజానికి సాగగొట్టి చేసిన ఐ ఆకారపు ఇరుసు ఉంటుంది. దాని రెండు కొసల్లో కింగ్ పిన్‌లనే నిలువు పిన్‌ల చుట్టూ, చక్రాలను మోసే పొట్టి ఇరుసులైన స్టబ్ యాక్సిళ్లు తిరుగుతాయి. ఇరుసు మొత్తం కమాన్ పట్టీల మీద కూర్చుంటుంది. స్టీరింగ్ బాక్స్ నుంచి కిందికి వేలాడే డ్రాప్ ఆర్మ్, దాని నుంచి డ్రాగ్ లింక్ అనే కడ్డీ ఒక పక్క చక్రాన్ని తిప్పితే, టై రాడ్ అనే అడ్డ కడ్డీ ఆ కదలికను రెండో చక్రానికి చేరుస్తుంది. ఈ గొలుసులో ఎక్కడ అరిగినా మీ చేతికి తెలిసేది స్టీరింగ్ లూజు ఒక్కటే కాబట్టి, స్టీరింగ్ చక్రం దగ్గర కూర్చుని ఏది పోయిందో ఎవరూ చెప్పలేరు.

పరీక్ష ఇలా చేయండి. గట్టి నేల మీద ఖాళీ బండిని నిలిపి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఎడమ వైపు ఇరుసు కింద జాకీ వేసి టైరు నేలను వదిలే వరకు ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా ఇరుసు కింద మంచి కొయ్య దిమ్మెలు పేర్చండి. ఇప్పుడు టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. కదిలితే అది కింగ్ పిన్ బుష్‌లదో, హబ్ బేరింగుదో తేలాలి. మీ తమ్ముణ్ణి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే కదలిక ఆగిపోతే లూజు బేరింగులో ఉన్నట్టు, ఆగకుండా అంతే కదిలితే కింగ్ పిన్‌లో ఉన్నట్టు. కారణం సులువే: బ్రేకు పట్టినప్పుడు హబ్బు, స్టబ్ యాక్సిల్ ఒకటై పోతాయి, ఇక మిగిలేది స్టబ్ యాక్సిల్‌కూ ఇరుసుకూ మధ్య ఉన్న కీలు మాత్రమే. అదే సమయంలో ఒక చూపుడు వేలిని స్టబ్ యాక్సిల్ చెవికీ ఇరుసు కొసకూ మధ్య ఉన్న సందు మీద ఆనించి ఉంచితే, కంటికి కనిపించని లూజు కూడా వేలికి తగులుతుంది. ఆ తరువాత టైరు కింద గడ్డపార దూర్చి నెమ్మదిగా పైకి ఎత్తండి. చక్రం ఇరుసు మీద టక్కున పైకి లేచి పడితే, కింగ్ పిన్ కింది భాగంలో బరువు మోసే థ్రస్ట్ బేరింగు అరిగిందని, లేదా పైన సందు పూడ్చడానికి వేసే పలచని బిళ్లలు, అంటే షిమ్ములు, చాలడం లేదని అర్థం. చివరిగా చక్రాన్ని చేత్తో తిప్పి, కమాన్ పట్టీ మీద చెయ్యి ఆనించి ఉంచండి. గరగరమని చేతికి తెలిస్తే ఆ బేరింగు విప్పి చూడవలసిందే. కుడి వైపు కూడా ఇంతే.

మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చింది ఎడమ టైరు లోపలి అంచు. నేల టైరును పైకి నెట్టే చోటు కింగ్ పిన్ కంటే బయట పక్కన ఉంటుంది గనుక, బుష్‌లు అరిగినప్పుడు బరువు పడగానే చక్రం పై భాగం లోపలికి వాలుతుంది, లోపలి అంచే రోడ్డును రాసుకుంటుంది. రెండు టైర్లూ ఒకే తీరుగా అరిగి ఉంటే నేను టో తేడా, అంటే ముందు చక్రాలు రెండూ ఒకదానికొకటి సరిగా సమాంతరంగా లేకపోవడం, అనుకునేవాణ్ణి. ఒక్క ఎడమదే అరిగిందంటే ఎడమ కింగ్ పిన్ మీదే నా అనుమానం. మన పల్లె రోడ్లలో ఎదురుగా లారీ వచ్చిన ప్రతిసారీ తారు దిగి మార్జిన్‌లో పడేది ఎడమ చక్రమే కాబట్టి, ఆ పక్క ముందుగా అరగడంలో వింత లేదు. అయినా ఒకసారి అరిచేతిని టైరు మీద లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమిరి చూడండి. ఒక వైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపపు పళ్లలా తగిలితే టో కూడా తప్పి ఉన్నట్టు లెక్క. అక్కడక్కడా గుంటలు గుంటలుగా అరిగి ఉంటే షాక్ అబ్జార్బరు, బేరింగు లూజు, చక్రం బ్యాలెన్సు చూసుకోవాలి. ఇరువైపుల అంచులూ అరిగి నడుమ బాగుంటే అది గాలి తక్కువ పెట్టి నడపడం వల్ల వచ్చినదే. దానికి ఏ విడిభాగమూ అక్కరలేదు.

స్టీరింగ్ లింకుల పరీక్షకు బండి నేల మీదే, చక్రాలు తిన్నగా ఉండాలి. మీ తమ్ముణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్‌ను ఎడమకూ కుడికీ కొద్దికొద్దిగా, చక్రాలు సరిగ్గా కదలబోయేంత వరకు మాత్రమే ఊపమనండి. మీరు కింద చేరి డ్రాప్ ఆర్మ్ మొదలుకొని ఒక్కొక్క కీలును చేత్తో పట్టుకుంటూ పోండి. ఒక కీలుకు ఇవతలి ముక్క కదిలి, అవతలి ముక్క ఆలస్యంగా కదిలితే లూజు అక్కడుంది. రబ్బరు టోపీ చిరిగి గ్రీజు ఎండిపోయిన టై రాడ్ ఎండ్ ఈ రోజు బిగువుగా ఉన్నా ఎక్కువ కాలం ఉండదు. దుమ్ము లోపలికి పోయిన తరువాత ఆ బంతి తన గిన్నెను తానే అరగదీసుకుంటుంది. ఈ పరీక్షలోనే స్టీరింగ్ బాక్స్‌ను ఛాసిస్‌కు బిగించిన బోల్టులను కూడా చూడండి. బాక్స్ మొత్తం ఛాసిస్ మీద కదులుతుంటే, ఆ బోల్టులు బిగిస్తే పోయే లూజుకు కొత్త బాక్స్ వేయించినవారు ఉన్నారు. బోల్టుల చుట్టూ ఛాసిస్ రేకులో వెంట్రుకలాంటి పగులు ఉందేమో కూడా దుమ్ము తుడిచి చూడాలి.

ఇక నాలుగు వేళ్ల సంగతి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 98వ నిబంధన స్టీరింగ్ చక్రం దగ్గర లూజు 30 డిగ్రీలు దాటకూడదంటుంది. బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలు ఉండాలని, బోల్టులూ పిన్‌లూ ఊడకుండా లాకు అయి ఉండాలని కూడా అదే నిబంధన చెబుతుంది. 40 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్టీరింగ్ అంచు మీద 30 డిగ్రీలంటే దాదాపు పదిన్నర సెంటీమీటర్లు. మీ నాలుగు వేళ్లు ఏడెనిమిది సెంటీమీటర్లు అనుకుంటే ఇరవై డిగ్రీలు దాటినట్టు. అంటే కాగితం మీద మీరింకా హద్దులోనే ఉన్నారు. కాని ఆ హద్దు బండిని రోడ్డు మీదికి రానివ్వకుండా ఆపడానికి పెట్టినది, బండి బాగుందని చెప్పడానికి పెట్టినది కాదు. బరువుతో ఘాట్ దిగే బండికి రెండు వేళ్లకు మించిన లూజును నేనైతే ఒప్పుకోను. 8 ఏళ్లు దాటిన రవాణా వాహనాలకు ఏటా ఫిట్‌నెస్ తప్పదు కాబట్టి, చిరిగిన రబ్బరు టోపీలు, నట్టు ఊడకుండా వేసే స్ప్లిట్ పిన్ బదులు చుట్టిన తీగముక్కలు ముందే సరిచేసుకోండి.

స్టీరింగ్ బాక్స్ మీద ఉన్న స్క్రూను తిప్పి లూజు తగ్గిస్తామని ఎవరైనా అంటే, లింకులు, కింగ్ పిన్‌ల పని పూర్తయ్యే వరకు దాన్ని ముట్టనివ్వకండి. బాక్స్ లోపలి భాగాలు తిన్నగా నడిచే చోట ఎక్కువ అరుగుతాయి, మలుపుల దగ్గర తక్కువ. నడిమి లూజు పోయేంతగా ఆ స్క్రూను బిగిస్తే మలుపులో స్టీరింగ్ పట్టేస్తుంది, తిప్పిన తరువాత తనంతట తాను వెనక్కి రాదు. మదనపల్లె చుట్టుపక్కల మలుపుల్లో అది లూజు కంటే ప్రమాదం. నా అంచనాలో మీ జాబితాలో అన్నింటికంటే ముందుగా కొట్టివేయవలసినది ఈ బాక్సే. బాక్స్ నుంచి ఆయిలు కారుతుంటే సీలు వేయించండి, అంతే.

ఐటీఐలో మోటారు మెకానిక్ విద్యార్థులకు పాఠం చెప్పే రోజుల్లో నేను చేసిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పుకోవాలి. తెలిసినవారి పికప్ ఒకటి తిన్నగా నిలవకుండా రోడ్డంతా తిరుగుతోందని తెస్తే, మొదట టై రాడ్ ఎండ్‌లు మార్పించాను. లాభం లేకపోతే కింగ్ పిన్‌లు మార్పించాను. అప్పటికీ అదే తీరు. చివరికి నేల మీద పడుకుని చూస్తే, కొద్ది నెలల కిందట వేరేచోట కమాన్ పట్టీలు విప్పి బిగించినవారు, పట్టీకీ ఇరుసుకూ మధ్య ఉండే ఏటవాలు బిళ్లను తిరగేసి పెట్టారు. మందపు అంచు ఉండవలసిన పక్కన పలచని అంచు ఉంది. కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండవలసినంత వాలు అందువల్ల పోయింది, చక్రం తిన్నగా నిలవడం మానేసింది. బిళ్ల తిప్పి బిగించిన గంటలో బండి దారికి వచ్చింది. అప్పటికే యజమాని రెండు బిల్లులు కట్టి ఉన్నాడు. మీ బండికి గత ఏడాదిలో కమాన్ పని జరిగి ఉంటే ఈ బిళ్లలు రెండు పక్కలా ఒకే తీరుగా ఉన్నాయో లేదో పోల్చి చూడండి.

గతుకుల్లో టకటక చప్పుడు కింగ్ పిన్ నుంచి రావచ్చు, కాని కమాన్ కొసను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు, అంటే షాకిల్, బుష్‌ల నుంచి రావడం ఎక్కువ. షాకిల్ దగ్గర గడ్డపార పెట్టి ఎత్తితే పిన్‌కూ బుష్‌కూ మధ్య సందు తెలుస్తుంది. పిన్ బాగుండి బుష్ ఒక్కటే పోయి ఉంటే బుష్ మాత్రమే వేయండి. పిన్ మీద గోరు తగిలే గాడి పడి ఉంటే రెండూ కలిపి మార్చండి. పట్టీల్లో విరిగినది ఉందా, సెంటర్ బోల్టు తెగి ఇరుసు వెనక్కి జరిగిందా అన్నది చూడటానికి, రెండు పక్కలా ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి టేపుతో కొలిస్తే చాలు. బండి ఒక పక్కకు వాలి ఉంటే పట్టీ వంపు తగ్గినట్టు. కమాన్ షాపులో వంపు తెప్పించుకోవచ్చు గాని, బరువుకు భయపడి ముందు పక్క అదనపు పట్టీ వేయించకండి. ఖాళీ బండి మరింత ఎగిరి, కింగ్ పిన్‌లకే దెబ్బ. షాక్ అబ్జార్బర్లు ఆయిలు కారకుండా, వాటి రబ్బర్లు నలగకుండా ఉంటే ఈసారికి వదిలేయండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు సూటిగా వస్తాను. పరీక్షలో నా అనుమానం నిజమైతే రెండు పక్కలా కింగ్ పిన్ సెట్టు వేయించండి. కుడి పక్క కొంత బాగున్నా సరే రెండూ ఎందుకంటే, సెట్టు ఎలాగూ రెండు చక్రాలకూ కలిపి వస్తుంది, ఒక పక్క బిగువుగా, ఒక పక్క వదులుగా ఉంటే అలైన్‌మెంట్ నిలవదు. కింగ్ పిన్ తీయాలంటే హబ్బు ఎలాగూ ఊడాలి. కాబట్టి బేరింగులను కిరసనాయిల్‌తో కడిగించి మీరే వెలుతురులో చూడండి. రోలర్ల మీద, అవి కూర్చునే కప్పు లోపల చుక్కల్లాంటి గుంటలు, నీలం రంగు తిరిగిన మచ్చలు లేకపోతే కొత్త గ్రీజుతో అవే వేయించవచ్చు. ఉంటే కప్పు, రోలరు కలిపి మార్చాలి, ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ కలిపితే నెలలు తిరక్కుండానే రెండూ పోతాయి. గ్రీజు సీళ్లు మాత్రం ఏ పరిస్థితిలోనూ పాతవి వేయనివ్వకండి, వాటి ఖరీదు తక్కువ, కారితే గ్రీజు బ్రేకు మీదికి పోతుంది. టై రాడ్ ఎండ్‌లలో ఒక్కటి లూజుగా తేలినా రెండూ మార్చండి, ఎలాగూ టో మళ్లీ కట్టాలి కదా. డ్రాగ్ లింక్ కీళ్లు బిగువుగా ఉంటే వాటి జోలికి పోవద్దు. షాకిల్ బుష్‌లు చప్పుడు చేస్తున్నాయి గనుక డబ్బు మిగిలితే ఇప్పుడే, లేకపోతే తరువాతి నెలలో. వణుకు సంగతి చూస్తే, ముందు చక్రాలు రెండింటినీ బ్యాలెన్సింగ్ చేయించండి. అరిగిన కింగ్ పిన్ వణుకును ఆపలేదు నిజమే, కాని దాన్ని మొదలుపెట్టేది చాలాసార్లు బ్యాలెన్సు లేని చక్రమే.

పని ఎలా జరుగుతుందన్నది భాగం ఎంత మంచిదన్నంత ముఖ్యం. కొత్త బుష్‌లను నొక్కించేటప్పుడు బుష్‌లోని కన్నం గ్రీజు నిప్పల్ కన్నానికి ఎదురుగా వచ్చిందో లేదో చూడమనండి. అది తప్పితే ఎంత గ్రీజు కొట్టినా లోపలికి పోదు. పై బుష్, కింది బుష్ ఒకే గీతలో ఉండేలా, కన్నాన్ని సరైన కొలతకు చెక్కే పొడవాటి రీమరుతో ఒకే దెబ్బలో రీమర్ చేయాలి, విడివిడిగా చేసినా, ఎమెరీ కాగితంతో గీకి సరిపెట్టినా పిన్ కొద్ది రోజుల్లోనే వంకరగా అరుగుతుంది. ఆ వసతి మీ దగ్గర లేకపోతే స్టబ్ యాక్సిళ్లు విప్పుకుని తిరుపతికో, మరో ఊరి లేత్ షాపుకో తీసుకెళ్లి రీమర్ చేయించి తెచ్చుకోవడంలో నామోషీ లేదు. టై రాడ్ ఎండ్ నట్టు బిగించినప్పుడు స్ప్లిట్ పిన్ కన్నం ఎదురు రాకపోతే ఇంకొంచెం బిగించి పిన్ వేయాలి, వెనక్కి వదలకూడదు. విడిభాగాలు కొనేటప్పుడు 207లో రకాలు ఉన్నందున పాత పిన్‌ను జేబులో వేసుకుని వెళ్లి పక్కన పెట్టి పోల్చుకోండి, మార్చిన పాత సామానంతా మీ బండిలోనే వేయమని ముందే చెప్పండి. పని పూర్తయ్యాక, బండి ఇంకా దిమ్మెల మీద ఉండగానే గ్రీజు కొట్టించండి. చక్రం నేల మీద ఉంటే బరువు థ్రస్ట్ బేరింగును నొక్కేసి గ్రీజు అక్కడికి చేరనివ్వదు, పాత కింగ్ పిన్‌లు పోవడానికి ఈ అలవాటు కూడా ఒక కారణం. కమాన్ పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు విప్పి ఉంటే నాలుగు రోజులు బరువు తోలిన తరువాత మళ్లీ బిగించాలి. అలైన్‌మెంట్‌ను ఇవన్నీ అయ్యాక, అన్నింటికంటే చివరన చేయించండి. అరిగిన కీళ్ల మీద చేసిన అలైన్‌మెంట్ తరువాతి గుంట వరకే ఉంటుంది.

మీ తమ్ముడి మాట మిగిలింది. కింగ్ పిన్ తీసినప్పుడు ఇరుసు కొసలో అది కూర్చునే కన్నాన్ని జాగ్రత్తగా చూడమనండి. కొత్త పిన్‌ను చేత్తో దూర్చి, లాక్ పిన్ వేయకముందే అది ఇరుసులో ఆడుతుంటే, లేదా కన్నం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటే, బుష్‌లు ఎన్ని వేసినా బాగుపడదు. అప్పుడు ఇరుసే మార్చాలి, లేదా మంచి లేత్ పనివారితో కన్నం పెద్దది చేయించి స్లీవు వేయించాలి. ఆ ఖర్చు మీద ఛాసిస్ పగులు కూడా బయటపడితే, ఈ బండి మీద పెట్టే ప్రతి రూపాయినీ మరోసారి ఆలోచించుకోవలసిందే. అమ్మే మాట అప్పుడు తీసుకోండి. ఆ రెండూ లేకపోతే పైన చెప్పిన పనికి షెడ్డువారు చెప్పిన మొత్తంలో స్టీరింగ్ బాక్స్, షాక్ అబ్జార్బర్లు, డ్రాగ్ లింక్ పోగా మిగిలినంతే అవుతుంది. బేరింగులు బాగుంటే ఇంకా తగ్గుతుంది. ఫిట్‌నెస్‌కు కనీసం పది రోజుల ముందే పని ముగించి, బరువుతో రెండు మూడు ట్రిప్పులు తోలి, లూజును మళ్లీ వేళ్లతో కొలుచుకుని వెళ్లండి.